భీములా కట్టిన బండి

మా బామ్మర్ది బండికి లైట్లు లేవు, నంబరు లేదు, అద్దాలు లేవు, హారన్ అసలే లేదు. గుంతల్లోనూ మట్టి దిబ్బల మీదా ఎగరడానికే పుట్టిన మోటార్ సైకిల్ అది. రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు కాబట్టి, దాన్ని తోలాలంటే ముందు ఇంకో బండి మీదికి ఎక్కించి ఊరవతలికి తీసుకుపోవాలి. మనిషి బండెక్కాలి గానీ బండి బండెక్కడమేంటని మొదటి రోజే అడిగాను. "నీకు తెల్వది బావా, గిదే స్పోర్టు," అన్నాడు. నాకు తెలియదన్న మాట మాత్రం నిజం.

మేము సూరత్‌లోని భేస్తాన్‌లో ఉంటాం. సాంచాలు నడిచే ఖాతాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, నేను మరమ్మతుల మేస్త్రిని. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి కాబట్టి మా ఆవిడ మాటల్లో సగమే నాకు వినబడతాయి. మా కాపురం సుఖంగా సాగడానికి అదొక కారణం. బామ్మర్ది ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్లమ్మ దారం చుట్టే పనికి పోతే వీణ్ని చంకనేసుకుని పెంచింది ఈమే. ఇప్పుడు వాడు ఎంబ్రాయిడరీ మిషన్లు బాగుచేస్తాడు, మీసం పెంచాడు, గుజరాతీలో బేరమాడతాడు. అయినా ఆమె లెక్కలో వాడింకా చంక దిగలేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ బండి మీద వాడు పడని చోటు లేదు. ఇచ్ఛాపూర్ అవతల ఖాళీ జాగాలో రొయ్యల చెరువు గట్టు మీద తోలబోయి, గట్టు మలుపు తిరిగినా వాడు తిరగక, నేరుగా చెరువులోకే పోయాడు. ఇంకోసారి ఇసుక దిబ్బ మీంచి ఎగిరాడు. బండి ఒక పక్క దిగింది, వీడొక పక్క దిగాడు. ఆ రోజు కుంటడం అక్కకు కనబడకూడదని గోడ పట్టుకుని, ఏదో గోడనే పరీక్ష చేస్తున్నవాడిలా ఇంట్లోకి వచ్చాడు. ఆమె "తమ్మీ, జర గ్యాస్ సిలిండర్ లోపటికి తే," అంది. దాంతో దొరికిపోయాడు.

ఆ రాత్రి మోకాలికి పసుపు పెడుతూనే చట్టం చేసింది. "ఇగో, ఇదే ఆఖరు. ఇంకొక్కసారి బండికి గని నీకు గని దెబ్బ తాకిందనుకో, బండి అమ్ముడే. ఒట్టు పెట్టు." వాడు ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఈసారి తాను కూడా వెంట వస్తానంది. వాడి ముఖం వాడిపోయింది. నాకు జాలేసింది. రోజంతా సూదుల చప్పుడులో నిలబడేవాడికి కాస్త గాలి తగిలే చోటు ఆ బండి ఒక్కటే. అది పోతే వాడేమవుతాడోనని నాకు నిజంగానే బెంగ పట్టుకుంది.

సెలవు రోజు పొద్దున్నే టెంపో వచ్చింది. తోలేది మా సిరిసిల్ల వైపు పెద్దాయన. బాబాయి వరసన అందరం కాకా అంటాం. తెలుగులో అన్నా గుజరాతీలో అన్నా పలుకుతాడు. ఖాతాలకు భీములు మోయడం ఆయన పని. భీమంటే పడుగు దారమంతా చుట్టి ఉండే పొడుగాటి ఇనుప రోలు. దొర్లిందంటే దారమూ పోతుంది, ఎదురున్నవాడి కాలూ పోతుంది. కాకా చేతిలో ఇంతవరకూ ఒక్క భీమూ దొర్లలేదు. ఆ గర్వం ఆయన నడకలోనే కనబడుతుంది.

చెక్క పలక వేసి, ముగ్గురం తోసి, ఎలాగో బండిని టెంపోలోకి ఎక్కించాం. కాకా చక్రాలకు ముందూ వెనకా గుడ్డపీలికల మూటలు బిగించాడు. భీముకైనా అలాగే బిగిస్తాడు. తర్వాత సీటు మీదుగా తాడు వేసి, కాలు తన్నిపెట్టి, పళ్లు బిగపట్టి లాగాడు.

"కాకా, హ్యాండిలుకు కడ్తరట. మొబైల్ల చూసిన," అన్నాడు బామ్మర్ది.

"నీ మొబైల్ ఎన్నడన్న భీము మోసిందారా? బరువు ఏడుంటే ఆడ కట్టాలె. హ్యాండిలుకు కడ్తే గది గిర్రున తిరుగుతది," అని కాకా సీటు మీద ఒక్కటి చరిచాడు. "భూకంపం వచ్చినా కదలది."

నేనూ తలూపాను. నాకూ సబబుగానే తోచింది. భీముకు స్ప్రింగులుండవనీ, బండికి ఉంటాయనీ, పొద్దస్తమానం స్ప్రింగులు మార్చే నాకు ఆ క్షణాన తట్టలేదు.

మా ఆవిడ ముందు కాకా పక్కన కూర్చుంది. మేమిద్దరం వెనక బండి దగ్గర. మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చేదాకా ప్రయాణం హాయిగానే సాగింది. టెంపో ఎగిరి దిగింది. బండి స్ప్రింగుల మీద చక్కగా కూర్చుంది, దాంతో తాడు వదులైంది. బండి మళ్లీ లేచేసరికి తాడు సీటు మీంచి జారిపోయింది. అది ఏ పక్క పడదామా అని కాసేపు ఆలోచించి, నా పక్కకు పడింది. కడుపు మీద సీటు, మెడ కింద హ్యాండిలు, ముక్కులో పెట్రోలు వాసన. నేను దాన్ని గట్టిగా వాటేసుకుని ఉండిపోయాను.

టెంపో ఆగింది. బామ్మర్ది బండిని చూశాడు. ముందు నుంచి దిగి పరుగున వచ్చిన మా ఆవిడ బామ్మర్దిని చూసింది. కాకా తన ముడిని చూసుకున్నాడు. నన్ను మాత్రం ఎవరూ చూడలేదు.

"ముడి ఊడలే," అన్నాడు కాకా తృప్తిగా.

బండిని నా మీంచి లేపాక, ముందు బ్రేక్ లివర్ విరిగి వేలాడుతూ కనబడింది. మా ఆవిడ దాన్ని పట్టుకుని చూసి, "అయిపాయె. అమ్ముడే," అంది.

"అక్కా, నేను తోలనే లేదు! బండి ఇంకా నేల మీద దిగనే లేదు! గిదెట్ల లెక్క?"

"దెబ్బ తాకిందా లేదా?"

"తాకింది నాకు," అన్నాను. వినేవాళ్లు లేరు.

అమ్మేదైతే కొనేవాళ్లు దొరికేదీ ఇలాంటి బండ్లు తోలే ఆ మైదానంలోనేనని మా ఆవిడ తేల్చింది. ఈసారి నేనూ వాడూ చెరో పక్క హ్యాండిలు పట్టుకుని కూర్చున్నాం. దారి పొడుగునా వాడి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే దుమ్మని చెప్పాడు. నేను ఒప్పుకున్నాను.

మైదానంలో అడాజన్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉన్నాడు. కారు వెనక ట్రాలీలో అతని బండి ఠీవిగా నిలబడి ఉంది. మా తాడును చూసి నవ్వాపుకోలేక, తనది చూపించాడు. ముందు చక్రం ట్రాలీ గోడకు ఆనించి, హ్యాండిలు రెండు వైపుల నుంచీ పట్టీలు కిందికి లాగి, స్ప్రింగులు సగం అణిగేదాకా బిగించాడు. ఇక అవి ఆడటానికి చోటెక్కడిది? కాకా చుట్టూ తిరిగి చూసి, "గిది భీము కాదని ముందుగాల చెప్పద్దా?" అని మమ్మల్నే కసిరాడు.

మా బండి అమ్మకానికుందని తెలిసి ఆ కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని అంతా తడిమి చూశాడు. నచ్చింది. కాలేజీలో చేరిన తన తమ్ముడికి తీసుకుంటానన్నాడు.

మా ఆవిడ తన హిందీలో అడిగింది, ఆ తమ్ముడికి తోలడం వచ్చా అని.

"గిర్తే గిర్తే సీఖ్ జాయేగా, భాభీ," అని నవ్వాడు. పడుతూ పడుతూ నేర్చుకుంటాడట.

మా ఆవిడ నవ్వలేదు. నా వైపు తిరిగి, "చెప్పు ఆయనకు, బండి ఇయ్యం," అంది.

"ఏందే, అమ్ముడే అంటివి గద?"

"మనోడు పడ్తే బొక్కలిరుగుతయనే గద అమ్ముతున్నం? గా పిలగాడు పడ్తే ఇరగవా? వానికి మాత్రం అమ్మ ఉండదా? మన గండం తీసి ఇంకొకల ఇంట్ల పడేస్తమా?"

"మరి ఒట్టో?"

"అక్క, అమ్మ ఎవ్వలు లేనోన్ని తే, ఇప్పుడే అమ్ముత."

అలాంటివాడు సూరత్‌లో ఎక్కడ దొరుకుతాడో నాకు తెలియదు. ఆ కుర్రాడికి నేను ఎలాగో సర్దిచెప్పాను. అతను పాపం మంచివాడు. ఆమె అడగ్గానే పెట్టెలోంచి ఒక లివర్ కూడా తీసి ఇచ్చాడు. బామ్మర్ది దాన్ని బిగిస్తూ అక్క వైపు దొంగచూపులు చూస్తున్నాడు, మళ్లీ ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని వాడి దగ్గరికి పోయింది. హెల్మెట్ పట్టీ తన చేత్తోనే బిగించి, ఊడుతుందేమో రెండుసార్లు లాగి చూసింది.

"నువ్వే తోలు తమ్మీ," అంది. "పడ్డా నా కండ్ల ముందల పడ్తవు."