చేమాకు కాని ఆకు

ఈ సోమవారం మా అక్క పోయింది. సెలవు మీద గోదావరి పక్క ఊరికి వెళ్లింది, అక్కడే గుండె ఆగిపోయిందట. తోడబుట్టిన అక్క కాదు. కువైట్‌లోని ఎగైలాలో నేను పనిచేసే ఇంట్లో నాకంటే ముందునుంచీ పనిలో ఉన్న మనిషి. ఫోను వచ్చినప్పుడు వంటగదిలో ఉన్నాను. పొయ్యి కట్టేశాను.

ఆ ఇంటి వెనక ఎండపడని సందులో మామా, అంటే మా యజమానురాలు, ఒక హోస్టా పెంచుకుంటోంది. ఎక్కడో విదేశం నుంచి తెచ్చుకున్న మొక్క. చేటంత ఆకులు, పచ్చటి ఆకుకి తెల్లటి అంచు. దాని సేవంతా అక్కదే. వేసవిలో ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి కనుక, ముందురోజే బకెట్లు పట్టి ఏసీ గదిలో చల్లార్చి పోసేది. చలికాలంలో ఆకులన్నీ వాడిపోయి తొట్టి బోసిపోతే, మట్టిమీద ఐసు ముక్కలు పరిచేది. "కువైట్ చలి సరిపోదంట ఈ మహారాణికి" అని విసుక్కునేది. అది ఉత్తుత్తి విసుగే.

నేను పనిలో చేరిన రెండో వారం మామా వాళ్లు బయటికెళ్లారు. నాకు ఇంటి కూర మీద ఒకటే బెంగ. ఆ ఆకులు చూసి చేమాకే అనుకున్నాను. నాలుగు కోసి చింతపండు పులుసు పెట్టేశాను. అక్క మూత తీసి నెత్తి కొట్టుకుంది.

"ఒసే పిల్లా, ఎంత పని చేసేసేవే! చేమాకేంటే ఇది? కన్నపిల్లలా చూసుకుంటాది మామా దీన్ని!"

నాకప్పటికి ఇఖామా, అదే అక్కడ ఉండే పర్మిట్టు, కూడా రాలేదు. నన్ను పనికి తెచ్చిన ఏజెంటు ఆఫీసుకే తిప్పి పంపేస్తారని వణికిపోయాను.

"నువ్వు నోరెత్తకు. నన్నయితే నాలుగు తిట్టి ఊరుకుంటారు" అంది.

తనే కోశానని చెప్పింది. తిట్లతో పోలేదు. నెల రోజులు ఆమెకు శుక్రవారం సెలవు లేదు, అంటే చర్చి లేదు. వారమంతా ఆ పూట కోసమే బతికే మనిషి. అయినా నన్ను ఒక్క మాట దెప్పలేదు. పైగా "ఆ పులుసులో ఉప్పు తక్కువైందే" అని ఏళ్ల తరబడి ఏడిపించేది. నేను మాత్రం నిజం మింగి కూర్చున్నాను. మీతో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

నిన్న శుక్రవారం, ఆమె కోసం పెట్టుకున్న ప్రార్థనకు బయల్దేరుతూ మామాతో అనేశాను.

"అప్పుడు ఆకులు కోసింది అక్క కాదు మామా, నేను."

మామా కత్తెర పట్టుకుని సందులోకి వెళ్లింది. అన్నిటికంటే పెద్ద ఆకు తనే కోసి, కాడ తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఇది ఆమెకివ్వు" అంది అరబ్బీలో. "ఖలాస్, ఇక చాలు, ఏడవకు. బస్సు పోతుంది."

బస్సులో సీటు దొరకలేదు. ఆ ఆకు నలగకుండా రొమ్ముకి ఆనించుకుని, చర్చి దాకా నిలబడే వెళ్లాను.