పదహారు మీద ఆగడం

మలేషియాలో, సుంగై పెటానిలో మా మేనత్త ఇంట్లో దీపావళి మధ్యాహ్నం భోజనాలయ్యాక పేక వేస్తారు. ఆట ఇరవై ఒకటి, పందెం వేయించిన వేరుశనగకాయలు. ముక్కల మొత్తం ఇరవై ఒకటికి దగ్గరైనవాడిదే గెలుపు, దాటితే పోయినట్టే; బొమ్మకి పది. ముక్కలు పంచే బ్యాంకర్ చోటు నానమ్మ పక్కన. ఏళ్ల తరబడి అక్కడ మేనత్త కొడుకే కూర్చుంటున్నాడు. బావ నా ఈడువాడే. గెలిచినప్పుడల్లా నానమ్మ "నా బంగారమే" అంటూ వాడి బుగ్గ పుణుకుతుంది. నలభై ఏళ్లవాడి బుగ్గ! చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

వాడు పుస్తకం ముట్టడు. నేను ఫ్యాక్టరీ షిఫ్టు దిగి నేరుగా లైబ్రరీకి వెళ్లేవాణ్ణి. అక్కడ ఈ ఆట మీద ఇంగ్లిషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు నెలలు చదివాను. రెండు నుంచి ఆరు దాకా ముక్క పడితే మనసులో లెక్కకి ఒకటి కలపాలి. పది, బొమ్మ, ఆసు పడితే ఒకటి తీసేయాలి. మన చేతిలో పదహారు, ఎదుటివాడికి పది ఉంటే మామూలుగా ఇంకో ముక్క తీయాలి. లెక్క పైకి ఉంటే, అంటే కట్టలో పెద్ద ముక్కలు ఎక్కువ మిగిలుంటే, మాత్రం ఆగాలి. అలాంటి సవరణలన్నీ పట్టిక వేసి బట్టీపట్టాను.

ఆ ఏడు, ఒక్క ఆటలో బావను ఓడిస్తే ఆ చోటు నాదేనని నానమ్మ చేత ఒప్పించుకున్నాను. కట్ట సగం అయ్యేదాకా చూస్తూ లెక్కపెట్టి, అప్పుడు దిగాను.

బావ తన రెండు ముక్కలూ బోర్లా పెట్టాడు. పుస్తకంలో బ్యాంకర్ ముక్క ఒకటి తెరిచి ఉంటుంది. నా పట్టికంతా దాని మీదే నడుస్తుంది. మన ఇళ్లలో రెండూ మూసే ఉంచుతారని పుట్టినప్పటి నుంచీ తెలిసీ, నాకు తట్టనే లేదు.

"ఒకటి తెరువు బావా."

"ఏటి, బయపడ్డావేటి?" నవ్వి తెరిచాడు. పది.

నా దగ్గర పదహారు. లెక్క బాగా పైకే ఉంది. "సాలు," అన్నాను.

బావ తన మూసిన ముక్క ఓరగా చూసుకున్నాడు. "నేనూ తియ్యన్లే," అని తిప్పాడు. ఆరు. వాడిదీ పదహారే.

"పదహారుకి బ్యాంకర్ తియ్యాల! పుస్తకంలో అలాగే ఉంది."

"మనింట్లో బ్యాంకర్ ఇష్టంరా. బొమ్మలన్నీ లోపలే ఉన్నాయి గదా, తీస్తే పోతాను. నువ్వు సూడనేదా?"

నాలుగు నెలల నా చదువు వాడు పళ్లు కుట్టుకుంటూ చెప్పేశాడు.

"ఇద్దరూ సమానం. ఆడు ఓడనేదు, ఆడే కూకుంటాడు," అంది నానమ్మ. మళ్లీ ఆ బుగ్గే పుణికింది.

వెళ్లేటప్పుడు బావ గుమ్మం దాకా వచ్చాడు. "ఆ పుస్తకం నాకూ ఓపాలి ఇయ్యిరా. ఇంకా ఏటేటి ఉన్నాయో సూత్తాను."

వాడు నిజంగానే అడిగాడు. కళ్లలో ఎగతాళి లేదు.

"ఎప్పుడో తిరిగిచ్చేసినాను," అన్నాను. పుస్తకం నా భుజాన సంచిలోనే ఉంది.