ఫ్రీజ్ అయిన గది

వ్యూపోర్టు లాక్ చేయండి మహాప్రభో అని నేను మొత్తుకోని రోజు లేదు. ఆఫీసుల లోపలి గదులు, గోడలు, బల్లలు ఎక్కడెక్కడ రావాలో గీసిచ్చే చిన్న సంస్థ మాది, మాదాపూర్‌లో. కంప్యూటర్లో అసలు కొలతలతో గీసేదాన్ని మోడల్ అంటాం. సైటుకు పంపే కాగితం షీట్. ఆ షీట్ మీద ఒక చదరం పెట్టి, అందులోంచి మోడల్ కావలసినంత మేర, కావలసిన స్కేలులో కనబడేలా చేస్తాం. ఆ చదరమే వ్యూపోర్టు. కిటికీ అనుకోండి. దాన్ని లాక్ చేయకపోతే ఎవడో ఒకడు లోపల డబుల్ క్లిక్ చేసి మౌసు చక్రం తిప్పుతాడు, స్కేలు కాస్తా ఎగిరిపోతుంది. కింద మాత్రం పాత స్కేలే రాసి ఉంటుంది. చాలాకాలం నా కోపమంతా ఆ చక్రం తిప్పేవాళ్ళ మీదే ఉండేది.

వ్యూపోర్టుకు ఇంకో విద్య కూడా వచ్చు. మోడల్‌లో ఉన్నదాన్ని చెరపకుండానే, ఒక్క ఆ కిటికీలో మాత్రం కనబడకుండా చేయవచ్చు. దాన్ని ఫ్రీజ్ చేయడం అంటాం. కరెంటు పనివాళ్ళకిచ్చే షీట్లో కుర్చీలెందుకు? అక్కడ కుర్చీలను ఫ్రీజ్ చేస్తాం. వడ్రంగి షీట్లో అవి మామూలుగానే ఉంటాయి. మంచి సదుపాయమే, కాదనను. అయితే మా మీటింగుల్లో ఇదే మాటకు ఇంకో అర్థం ఉంది. డిజైన్ ఫ్రీజ్ అయిందంటే ఖాయమైందని, ఇక మార్పుల్లేవని.

మా ఆఫీసు ఊడ్చి తుడిచే అక్కది పాలమూరు వైపు. మధ్యాహ్నం ఆమె అన్నం తినేది మెట్ల మీద. ప్యాంట్రీలో స్టాఫ్ తింటారు కాబట్టి ఆమె అక్కడ కూర్చోకూడదట! ఆ రూలు ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ చెప్పరు. అసలే మోకాళ్ళ నొప్పులు. ఎవరైనా మెట్లు దిగితే గిన్నె చేత్తో పట్టుకుని లేచి, గోడకు అతుక్కుని నిలబడేది. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

అందుకే రాయదుర్గంలో మా సంస్థ కొత్త ఆఫీసు ప్లాన్ నా చేతికొచ్చినప్పుడు, ప్యాంట్రీ పక్కన హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళకు ఒక గది గీశాను. గోడవారగా ఒక బల్ల, సంచులు తగిలించుకోవడానికి కొక్కేలు, లోపల గడియ పెట్టుకునే తలుపు. మీటింగులో మా పెద్ద సర్ తెర మీద చూసి తలూపారు. "నా క్యాబిన్ ఫ్రీజ్, కాన్ఫరెన్స్ హాల్ ఫ్రీజ్, హౌస్‌కీపింగ్ రూమ్ ఫ్రీజ్. షీట్లు పంపేయండి" అన్నారు.

నేను ఆగలేక నేరుగా మెట్ల దగ్గరికి వెళ్ళాను. "అక్కా, నీ గది ఫ్రీజ్ అయింది!"

"ఏందీ, ఫ్రిజ్జు గూడ ఇస్తున్రా మాకు?" అంది ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి. "ఇగ ఎండకాలం సల్ల పెట్టుకుంటం తియ్."

ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ రోజు నుంచి నేను ఎదురుపడితే చాలు, "మా ఫ్రిజ్జు ఎందాక వచ్చింది బిడ్డా?" అని అడిగేది.

గోడలు లేచాక సైటు చూడ్డానికి వెళ్ళాను. ప్యాంట్రీ పక్కన గది లేదు. ఖాళీ. సూపర్‌వైజర్ షీట్ విప్పి నా ముందు పరిచాడు. "గిక్కడ గోడ లేదు మేడం. మీరు పంపిన కాగితమే గదా ఇది?" అన్నాడు. నిజమే, అందులో గోడ లేదు.

ఆఫీసుకొచ్చి ఫైలు తెరిచాను. మోడల్‌లో గది భద్రంగా ఉంది, బల్లతో, కొక్కేలతో సహా. సైటుకు పంపిన షీట్లో, ఆ ఒక్క వ్యూపోర్టులో, గదిని గీసిన పొరను, అంటే ఆ లేయర్‌ని, ఫ్రీజ్ చేసి పెట్టారు. షీట్లు చూసి పంపింది మా టీమ్ లీడ్. వెళ్ళి అడిగాను.

"సర్ ఫ్రీజ్ చేయమన్నారు కదండీ. చేశాను" అన్నాడు, ఎంతో మర్యాదగా.

"సర్ తన క్యాబిన్ కూడా ఫ్రీజ్ చేయమన్నారు. మరి అది మాయం కాలేదేం?"

"అది వేరండి."

"ఏం వేరు? అదే నోటితో, అదే మాట అన్నారు కదా?"

మౌసు పట్టుకుని తన తెర వైపు తిరిగాడు. క్యాబిన్‌కైతే ఖాయం, అక్క గదికైతే మాయం! అలా అర్థం చేసుకోవడానికి ఆయనకు ఒక్క క్షణం అనుమానం కూడా రాలేదే అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అది పొరపాటని ఆయన ఈనాటికీ అంటాడు. నేను నమ్మను.

పెద్ద సర్ దగ్గరికి వెళ్ళాను. "ఇప్పుడు మళ్ళీ పగలగొట్టడం ఎందుకమ్మా? నెక్స్ట్ ఫేజ్‌లో చూద్దాం" అన్నారు. కట్టనే కట్టని గదిలో పగలగొట్టడానికి ఏముంది సర్ అన్నాను. ఆయన ఫోన్ ఎత్తారు. ఆ ఖాళీ జాగాలో పచ్చ తివాచీ పరిచి, బీన్ బ్యాగులు వేసి, వెల్‌నెస్ కార్నర్ అని బోర్డు తగిలించారు. నేను గది కలిపి మళ్ళీ పంపిన షీట్ మీద ఎవరూ సంతకం చేయలేదు.

కొత్త ఆఫీసుకు మారిన మొదటి రోజు మధ్యాహ్నం అక్కను చేయి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళాను. బీన్ బ్యాగులో కూర్చుంటే ఆమె మళ్ళీ లేవలేదని నా కుర్చీ లాక్కొచ్చి వేశాను. గిన్నె మూత తీసిందో లేదో, టీమ్ లీడ్ వచ్చాడు.

"ఇక్కడ తినకూడదండీ. కార్పెట్ పాడవుతుంది."

"ఇది ఆమె గది. మీ కిటికీలో కనబడదంతే" అన్నాను. గట్టిగానే అన్నాను, ఫ్లోరంతా తల తిప్పి చూసింది.

ఆయన అక్కడి నుంచి కదల్లేదు. అక్కే మూత పెట్టేసింది. "వద్దు బిడ్డా, నా కోసం నువ్వు పరేషాన్ కాకు" అని కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, మెట్ల వైపు నడిచింది. నా డబ్బా తీసుకుని నేనూ వెళ్ళాను.

కొత్త బిల్డింగు మెట్లు పాతవాటికన్నా ఇరుకు. పక్కపక్కన కూర్చున్నాం. కోపంతో నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. అక్క నింపాదిగా తిని, గిన్నెలోనే చెయ్యి కడుక్కుంది.

"గా అర్ర నీ కంప్యూటర్ల ఇంక ఉన్నదా?" అని అడిగింది.

"ఉందక్కా. నేను తీయలేదు."

"తియ్యకు మరి" అంది, కొంగుతో మూతి తుడుచుకుంటూ. "గాడనన్న ఉండనియ్."