తలంబ్రాల వరుసలో

మా అత్తకు భద్రాద్రి రాముడి మీద ఎంత నమ్మకమంటే, ఆ ఏడాది మా కాపురాన్ని పూర్తిగా ఆయనకే అప్పజెప్పింది. నవమి కల్యాణంలో పోసిన తలంబ్రాలు తెచ్చి దేవుడి గూట్లో పెట్టుకుంటే మొగుడూ పెళ్లాలు కలిసిమెలిసి ఉంటారని మావైపు నమ్ముతారు. "నువ్వే పోయి తీసుకరా బిడ్డా. మీ ఇద్దరికీ మంచిగైతది" అంది. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. ముదిగొండలో ఎవరు కనబడినా మిర్చి ధర గురించి గంటల తరబడి మాట్లాడే మనిషి, నాతో మాత్రం "అన్నం పెట్టు", "తలుపేసుకో" దాటి పోయేవాడు కాదు.

నాకు మాత్రం ఆ ప్రయాణం అడక్కుండానే దొరికింది. ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు నేను ప్రేమించినవాడు అప్పటికి పెళ్లి చేసుకుని, భద్రాచలం పక్కనే సారపాకలో ఉన్నాడు, కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే కాంట్రాక్టు చేస్తూ. ఆ చలికాలం ఖమ్మం బస్టాండులో కనబడి నంబరిచ్చాడు. అప్పట్నుంచీ కిరాణా కొట్టు ముందున్న రూపాయి ఫోనులో మాట్లాడుకుంటున్నాం. "నువ్వు ఒక్కమాట అను, చాలు. మిగతాది నేను చూసుకుంట" అనేవాడు. ఆ మాట అనడానికే బయల్దేరాను. బ్యాగు అడుగున రెండు చీరలు ఎక్కువ పెట్టుకున్నాను. మొగుణ్ణి వదిలేయడానికి, మొగుడితో కలిసుండే తలంబ్రాల పేరు చెప్పి పోతున్నానని నాకే నవ్వొచ్చింది. భయం కూడా వేసింది.

కల్యాణం అయ్యాక తలంబ్రాల కౌంటరు దగ్గర ఆడవాళ్లకో వరుస, మగవాళ్లకో వరుస, మధ్యలో వెదురు బొంగులు. అతను అవతలి వరుసలో ఉన్నాడు. ఆ ఎండలో నాకోసమే నిలబడ్డాడనుకుని పొంగిపోయాను.

"ఇంటికి పోతే గోడతోని మాట్లాడినట్టే ఉంటది. అడిగినదానికి జవాబియ్యదు. ఎప్పుడు జూసినా మొఖం ముడుచుకొనే ఉంటది" అని పెళ్లాం గురించి చెబుతూ వరుసతో పాటు జరుగుతున్నాడు.

నేను ఊ కొడుతున్నాను. మా ఆయన కూడా మిర్చి యార్డులో ఎవరితోనో నా గురించి ఇవే మాటలు అనే ఉంటాడు. ఎన్నడూ చూడని ఆ ఆడమనిషి మీద జాలేసింది. ఇతన్ని చూస్తే ఒళ్లు మండింది.

"మరి నువ్వెందుకు ఈ లైన్ల నిలబడ్డవ్?"

"ఆమెనే తెమ్మన్నది. తేకపోతే ఊకుంటదా?"

కౌంటరు రానే వచ్చింది. పొట్లం అందుకుని, కళ్లకద్దుకుని, నలగకుండా జేబులో పెట్టుకున్నాడు. నన్నెప్పుడూ అంత భక్తిగా చూసిన పాపాన పోలేదు. ఆ తర్వాత గుర్తొచ్చినట్టు, "ఇంతకూ ఏమనుకున్నవ్?" అన్నాడు.

నా పొట్లం బ్యాగులో వేసుకుని, "బస్సు పోతది" అని వచ్చేశాను.

ఇల్లు చేరగానే మా ఆయన, "సీటు దొరికిందా?" అన్నాడు. దారి పొడుగునా నిలబడే వచ్చాను. దొరికిందన్నాను. అత్త పొట్లం కోసం బ్యాగులో చెయ్యి పెట్టి, మడత విప్పని చీరలు బయటికి తీసింది.

"ఒక్కపూట కల్యాణానికి ఇన్ని చీరలెందుకే?"

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. చీరలు తీసుకెళ్లి బీరువాలో పెట్టింది. తలంబ్రాల పొట్లాన్ని గూట్లో, రంగు వెలిసిన ఒక పాత పొట్లం పక్కన సర్దింది.

"నేనైతే ట్రంకుపెట్టే పట్టుకపోయిన" అంది, కొడుక్కి వినబడకుండా.