శనివారం మాత్రలు

అమ్మకు బీపీ ఉందని బయటపడినప్పుడు నేను పదో తరగతి. డెబ్బైల నాటి మాట. పుత్తూరు నుంచి బస్సులో తిరుపతికి తీసుకెళ్లాం. అమ్మకు చదువు రాదు కాబట్టి డాక్టరు చీటీ నా చేతికిచ్చి, "రోజూ పొద్దున ఒకటి, తిన్నాక" అన్నాడు. ఆయన అన్నది అంతే. ఇంటికొచ్చాక నా పెద్దరికం నేను చూపించాను. "ఉత్త కడుపుతో మాత్రం ఏసుకోవద్దు మా, పేగులు కాలిపోతాయి" అని బెదరగొట్టాను.

అంత బుద్ధిగా మందు వేసుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. చద్దన్నం తిని, చెయ్యి కడుక్కుని, తీర్థం పుచ్చుకున్నట్టు అరచేతిలో మాత్ర పెట్టుకుని మింగేది. తర్వాత నా ముందు నోరు బార్లా తెరిచి, "సూడు మే, ఏసుకున్నా" అని వెక్కిరించేది. నెలకోసారి గురువారం చూపించుకుంటే డాక్టరు బాగుందనేవాడు. అదంతా నా గొప్పే అనుకుని పొంగిపోయేదాన్ని.

అమ్మకు శుక్రవారం తిరుచానూరు అమ్మవారి ఒక్కపొద్దు, శనివారం కొండ మీది స్వామి ఒక్కపొద్దు. చీకటి పడేదాకా ముద్ద ముట్టదు. ఇంట్లో అందరికీ తెలిసిందే. మాత్ర సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు, అన్నీ తెలుసనుకునే నాకు కూడా.

స్వామికి ఇష్టమైన పెరటాసి నెలలో మూడో శనివారం. స్వామికి నైవేద్యంగా తళిగ వేయడానికి పులిహోర కలుపుతూ అమ్మ పక్కకు ఒరిగిపోయింది. కుడి చెయ్యి పడిపోయింది.

"మాత్రలు సరిగా వేసుకుంటోందా?" అని ఆస్పత్రిలో అడిగితే నాకు రోషమొచ్చింది. "ఒక్క రోజు కూడా తప్పలేదు సార్" అన్నాను. మంచం మీద నుంచి అమ్మ, వంకరపోయిన నోటితో, నన్ను దిద్దింది.

"ఒక్కపొద్దు నాడు యాడ ఏసుకునేది మే? ఉత్త కడుపుతో వద్దంటివి కదా."

డాక్టరు నా వైపు చూశాడు.

తర్వాత రెండేళ్లు బతికింది. నీళ్లతో వేసుకున్నా ఒక్కపొద్దు చెడదని డాక్టరు ఎంత చెప్పినా వినలేదు. నేను చెప్తే వింది. నా మాట మీద ఆమెకు అప్పటికీ అంత గురి. ఒక్కసారైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నాకూ బీపీ. అమ్మ మీద బెంగ మిగతా రోజుల్లో ఎలాగో ఓర్చుకుంటాను, శనివారం పొద్దున నా వల్ల కాదు. ఒక్కపొద్దు ఉంటూనే నీళ్లతో మాత్ర మింగుతాను. వంటింట్లో ఎవరూ ఉండరు. అయినా నోరు తెరిచి చూపిస్తాను.