మరుగుదొడ్డి ముందు బంతిపూల దండ

విజయవాడ రోడ్ల పక్కన బ్లీచింగ్ పౌడర్ గీతలు కనిపిస్తే, మంత్రిగారెవరో వస్తున్నారని లెక్క. చిన్నప్పుడు కంకిపాడులోనూ నాకదే నమ్మకం.

మా పెరట్లో కొత్తగా మరుగుదొడ్డి కట్టించినా, తాతయ్య చెంబు పట్టుకుని కాలవగట్టుకే వెళ్ళేవాడు. ఎంతమంది చెప్పినా వినలేదు.

ఒకరోజు నాయనమ్మ ఆ మరుగుదొడ్డి చుట్టూ బ్లీచింగ్ చల్లింది. ఇంకేముంది, మంత్రిగారు మా ఇంటికే! గుమ్మానికున్న బంతిపూల దండ తెంపుకెళ్ళి మరుగుదొడ్డి తలుపు ముందు నిలబడ్డాను.

తలుపు తెరుచుకుంది. కడుపు చెడి, గట్టుదాకా ఆగలేక లోపల దూరిన తాతయ్య తల వంచుకుని బయటికొచ్చాడు. ఎవరో చూడకుండానే మెళ్ళో దండేసి చప్పట్లు కొట్టాను.

మర్నాడు ఆయన చెంబు అందుకోగానే నాయనమ్మ, "మంత్రిగారూ, గట్టుకి నడిచే వెళ్తారా అండీ?" అంది. తాతయ్య గొణుక్కుంటూ పెరట్లోకి తిరిగాడు. మళ్ళీ గట్టు ముఖం చూడలేదు.

అంతకుముందు నచ్చజెప్పడానికి వచ్చినవాళ్ళెవరికీ ఓ దండ వెయ్యాలని తోచలేదు మరి.