ఎర్ర ఫోను, ఎండిన బావి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, లేవని వాదించి ఒప్పించేదాకా వదిలేవాణ్ణి కాదు. చదువు పదో తరగతితో ఆగిపోయినా, ఆలూరు గ్రంథాలయంలో సైన్సు పుస్తకాల బీరువా మొత్తం చదివినవాణ్ణి. కొరివి దయ్యమంటే ఏమిటో, పూనకం ఎందుకొస్తుందో ఊళ్లోవాళ్లకు విడమరిచి చెప్పేవాణ్ణి. దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

మా వైపు సెల్‌ఫోన్లు ఇంటింటికీ వస్తున్న కాలం అది. కడపలో ఒక దుకాణం అద్దాల వెనక ఒక ఫోన్ చూసి, మనసు పారేసుకుని కొన్నాను. ఎర్రటి రంగు, మెరిసే ముఖం. పై సగం జరిపితే మీటలు బయటపడతాయి. కొన్నాళ్లు బాగానే పనిచేసింది. తర్వాత జరిపితే చాలు, కాల్ తెగిపోయేది. మూసి ఉంచితే అవతలి మాట వినపడదు. ముందువైపున్న పచ్చ మీట నొక్కితే చివరగా చేసిన నంబరుకు రింగు వెళ్తుంది, అంతే.

నా భార్య ఈరమ్మ దగ్గర సాదా ఫోన్ ఉండేది. “సూసేకి పెండ్లికొడుకు మాదిరి ఉండాది, నోట్లో మాట లేదు. యాడ దొరికెనయ్యా నీకిది?” అని ఎగతాళి చేసేది.

నేను దాన్ని వదల్లేదు. ఆ లోపానికి తగ్గట్టు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక మిస్డ్ కాల్ ఇస్తే చేనికి సద్ది తేవాలి. వెంటవెంటనే రెండు ఇస్తే ఉన్నపళాన రావాలి. రెండు ఇచ్చే అవసరం అప్పటిదాకా రాలేదు.

ఆ ఎండాకాలం ఊళ్లో సగం మంది పనుల కోసం వలస పోయారు. నేను పోదలచుకోలేదు. ఊరి అంచునే మా చేను. అందులో తాతల నాటి బావి ఎండి, పూడిపోయి ఉంది. పూడిక తీసి ఇంకాస్త తవ్వితే ఊట తగులుతుందని నా పట్టుదల.

పని మొదలయ్యే ముందురోజు ఫోన్‌ని ఆలూరులో మస్తాన్ అనే మెకానిక్‌కి ఇచ్చాను. అతను నా ముందే విప్పాడు. “లోపల పట్టీ తెగిందప్పా. ఆదోని నుంచి తెప్పియ్యాల. ఫోను ఈడ పెట్టిపో, సిమ్ము నీ తావే పెట్టుకో” అన్నాడు. సిమ్‌ని కాగితంలో మడిచి చొక్కా జేబులో వేసుకున్నాను.

మరునాడు పక్క చేను రంగన్న, నేను కలిసి బావిలో దిగాం. దిగే ముందు లాంతరు వెలిగించి తాడుతో దించడం మా వైపు ఆచారం. దీపం ఆరిపోతే లోపల గాలి చెడ్డదని గుర్తు. దీపం బాగానే వెలిగింది. అడుగున ఒక పెద్ద బండను కదిలించి పైకొచ్చాం. రంగన్న అన్నం తినడానికి ఇంటికి పోయాడు. బండ కింద చెమ్మ ఉందేమో చూడాలని ఆగలేక నేను ఒక్కణ్ణే మళ్లీ దిగాను. ఈసారి లాంతరు దించలేదు.

వంగి మట్టి తాకేసరికి కళ్లు తిరిగి కూలబడ్డాను. కేక వేయబోతే ఊపిరి అందలేదు. పైన ఆకాశం పళ్లెమంత కనబడింది. ఈరమ్మకు రెండు ఇవ్వాలి, రెండు ఇవ్వాలి అన్న మాటొక్కటే తలలో తిరిగింది. బొటనవేలు జేబు మీద పచ్చ మీట కోసం వెతకడం గుర్తుంది. జేబులో ఆ కాగితం తప్ప ఏమీ లేదు.

కళ్లు తెరిచేసరికి బావి గట్టున ఉన్నాను. ఒంటి నిండా వేపాకు. రంగన్న రొప్పుతూ పక్కన కూర్చుని ఉన్నాడు. “ముద్ద నోట్లో ఉండంగానే నీ పెండ్లాము రెక్క పట్టి గుంజుకొచ్చెప్పా. ఆ పప్పు సల్లారిపాయె” అన్నాడు. వేపకొమ్మలు తాడుకు కట్టి బావిలో పైకీ కిందికీ ఆడించి, చెడ్డగాలిని చెదరగొట్టి, నడుముకు మోకు కట్టుకుని దిగాడట.

అంతకుముందు ఈరమ్మ ఇంట్లో శనక్కాయలు ఒలుస్తుంటే ఆమె ఫోన్ మోగి ఆగింది. మళ్లీ మోగి ఆగింది. నా నంబరే. నేనే కళ్లారా చూశాను. ఆమె ఫోన్‌లో అవి రెండూ ఉన్నాయి.

లేవగలిగిన రోజే మస్తాన్ దగ్గరికి పోయాను. నా ఫోన్ విప్పిన ముక్కలుగానే బల్ల మీద ఉంది. “సిమ్ము నీ తావ, బ్యాటరీ నా తావ. కాల్ యాడనుంచి పోతాదప్పా?” అన్నాడు. ఆదోనిలో సిమ్ అమ్మినవాళ్లను అడిగితే, ఎత్తని కాల్స్ వివరాలు తమ దగ్గర ఉండవన్నారు. గ్రంథాలయంలో విద్యుత్తు మీద, రేడియో తరంగాల మీద ఉన్న పుస్తకాలన్నీ మళ్లీ చదివాను. ఎక్కడా జవాబు లేదు.

చివరికి నేనే పరీక్ష చేశాను. ముందు లాంతరు దించి, రంగన్నను గట్టున నిలబెట్టి, సిమ్‌ని అదే కాగితంలో మడిచి అదే జేబులో పెట్టుకుని బావిలోకి దిగాను. ఇంట్లో ఈరమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. రెండు ఇవ్వాలి, రెండు ఇవ్వాలి అని గట్టిగా అనుకున్నాను. ఫోన్ మోగలేదు.

ఇంటికొచ్చి ఆ సంగతే అంటే, ఈరమ్మ శనక్కాయల చేట పక్కన పెట్టి నా వంక చూసింది.

“ఈ పొద్దు నువ్వు ఊరికే అనుకుంటివి. ఆ పొద్దు పిలిస్తివి” అంది.

ఆ తర్వాత బావిలో ఊట తగిలింది. సిమ్‌ని ఇంకో సాదా ఫోన్‌ కొని అందులో వేసుకున్నాను. ఎర్ర ఫోను బాగుపడలేదు, కానీ దాన్ని పారేయడానికి ఇప్పుడు ఈరమ్మే ఒప్పుకోదు. ఆమె మాట తప్పు అని తేల్చే పుస్తకం నాకింకా దొరకలేదు. వెతకడం మానలేదు.